కొండలైనను తరుగును

మన సంఘము వెలువరించు ప్రత్యేక సంచికలలో కవులను గూర్చియు, కళలను గూర్చియు, కృష్ణదేవరాయల నాటి వైభవమును గూర్చియు వ్యాసములుండుట పరిపాటి. అట్టి పుటల నడుమ డబ్బును గూర్చిన వ్యాసమేమి యని కొందరు పాఠకులు కనుబొమలు ముడిచినను మాకు ఆశ్చర్యము లేదు. కాని సంస్కృతి యనునది రంగస్థలము మీదను, గ్రంథముల లోపలను మాత్రమే నివసించునది కాదు. ఒక సమాజము తన వృద్ధులను ఎట్లు నిలుపుకొనుచున్నదో, యజమాని కన్ను మూసిన మరునాడు బీరువా తాళపుచెవి ఎవరి చేతికి వచ్చుచున్నదో, ఆ బీరువాలోని కాగితములను చదువగల వారు ఆ యింట ఎవరున్నారో, ఇదియు సంస్కృతియే. ఈ విషయమున మనవారు వినుచున్న హితబోధలలో పెక్కు అరకొరవి యనియు, కొన్ని హానికరములనియు మా అభిప్రాయము. ఆ మాటను దాపరికము లేక చెప్పుటకే ఈ వ్యాసము.

బెంగుళూరు నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో మూడు తరముల వార్ధక్యములు మనకు కానవచ్చును. చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డులలో అంగడి పెట్టిన పెద్దలకు అంగడియే పింఛను. కుమారుడు గల్లాపెట్టె వద్ద కూర్చుండెను. తండ్రి ప్రక్కన చాపమీద కూర్చుండెను. లెక్క అంతటితో సరి. తరువాతి తరము కర్మాగారముల తరము. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు, 1948లో టెలిఫోను పరిశ్రమ, 1953లో హెచ్.ఎం.టి., 1954లో భారత్ ఎలక్ట్రానిక్సు ఈ నగరమున వెలసినవి. ఆ సైరను మ్రోతకు లేచి, సైరను మ్రోతకు ఇల్లు చేరిన మనవారికి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుయిటీ, సొసైటీ వారిచ్చిన ఒక ఇంటిస్థలము, ఇవి వార్ధక్యమునకు ఆధారములైనవి. మూడవది నేటి తరము. వైట్‌ఫీల్డు, ఎలక్ట్రానిక్ సిటీలలో కొలువు, జీతము పెద్దది, కొలువు ఎన్నాళ్లుండునో ఎవరును చెప్పలేరు.

తాతగారు భూమి కొనుమనిరి. తండ్రిగారు బీమా కట్టుమనిరి. కుమారుడు ఫండులలో వేయుమనుచున్నాడు. ముగ్గురును మేలు కోరియే చెప్పిరి. ముగ్గురి మాటలోను కొంత సత్యము కలదు. దోషమెక్కడ ననగా, తమ కాలమున తమకు ఫలించిన దానిని ప్రతివారును సర్వకాల ధర్మముగ బోధించుటలో నున్నది. నేడు ఆ బోధకు బ్యాంకు ఉద్యోగి, బంధువర్గములోని బీమా ఏజెంటు, చేతిలోని ఫోను, అందరును తోడైనారు. ఆ బోధలోని ప్రధాన సూత్రములను ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదటి సూత్రము: "ఏటి ఖర్చునకు ఇరువదియైదు రెట్లు కూడబెట్టుము, ఆపైన చింత లేదు." ఈ మాట ఎక్కడనుండి వచ్చినది? 1994లో విలియం బెంగెన్ అను అమెరికా సలహాదారుడు 1926 మొదలు ఆ దేశపు షేర్ల, బాండ్ల చరిత్రను పరిశీలించి, మొదటి ఏట నూటికి నాలుగు రూపాయల చొప్పున తీసి, తరువాత ధరలతో పాటు ఆ మొత్తమును పెంచుకొనుచు పోయినను మూలధనము ముప్పది ఏండ్లు నిలుచునని లెక్క కట్టెను. ఆయన లెక్క ఆయన దేశమునకు, ఆయన చెప్పిన ముప్పది ఏండ్లకు సంబంధించినది. దానిని మన యువకులు తెచ్చి, నలువది యైదవ ఏట ఉద్యోగము విడిచి మరి నలువది యైదేండ్లు జీవింపదలచిన వారికి మంత్రముగ నుపదేశించుచున్నారు. ఆ దేశపు ధరల చరిత్ర వేరు, మన ధరల చరిత్ర వేరు. నెలకు అరువది వేల రూపాయలతో గడచు సంసారమునకు, ధరలు ఏటా నూటికి ఆరు చొప్పున పెరిగినచో, పండ్రెండేండ్లలో లక్షా ఇరువది వేలు కావలెను. ఇరువది నాలుగేండ్లలో రెండు లక్షల నలువది వేలు కావలెను. కూర్చుండి తిన్న కొండలైనను తరుగునని మన పెద్దలు ఏ పట్టికయు చూడకయే చెప్పిరి.

మరియొక మాట. ఈ "ఏటి ఖర్చు" అనునది తెలుగింట ఏనాడైన నిలుకడగ నుండెనా? చెల్లెలి కుమార్తె వివాహము, ఊరిలోని అన్నగారి శస్త్రచికిత్స, గృహప్రవేశమునకు చదివింపులు, కాలేజీ సీటునకు సాయమడిగిన మేనల్లుడు. ఇవన్నియు "అనవసర వ్యయములు" అని కొట్టివేయు సలహాదారుడు మన యింటి లెక్క వ్రాయుటలేదు; ఎవరి యింటి లెక్కయో వ్రాయుచున్నాడు. ఆ బాధ్యతలు తగ్గింపదగినవి కావచ్చును. తగ్గింతమా లేదా అనునది మనము నిర్ణయించుకొనవలసిన విషయము. వాటిని లెక్కలోనికి తేకుండ సంఖ్య చెప్పుట మాత్రము మోసపు తూకము.

రెండవ సూత్రము: "నెలకు పది వేలు ముప్పది ఏండ్లు వేయుము, నూటికి పండ్రెండు చొప్పున మూడున్నర కోట్లగును." గణితము సరియే. కాని దీనిలో మూడు ముసుగులు కలవు. మొదటి ముసుగు ధరలది. ధరలు ఏటా నూటికి ఆరు పెరిగినచో ముప్పది ఏండ్ల పిమ్మటి మూడున్నర కోట్లు నేటి అరువది యొక్క లక్షలతో సమానము. రెండవ ముసుగు ఆ పండ్రెండు అను అంకెది. పండ్రెండునకు బదులు తొమ్మిది వచ్చినచో చేతికందునది మూడున్నర కోట్లు కాదు, ఒక కోటి ఎనుబది మూడు లక్షలు. మూడవ ముసుగు ఖర్చులది. నిర్వహణము పేరను, కమీషను పేరను ఏటా నూటికి ఒక్క రూపాయి తరిగినచో ముప్పది ఏండ్లలో పోవునది దాదాపు డెబ్బది లక్షలు, అనగా మొత్తములో ఐదవ వంతు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత ఇట్టి పట్టికలను చూచియే పుట్టినదేమో.

"దీర్ఘకాలమున షేర్లు నష్టపెట్టవు" అందురు. ఎంత దీర్ఘకాలము? జపాను దేశపు నిక్కీ సూచీ 1989 డిసెంబరులో 38,915 చేరినది. ఆ స్థానమును మరల దాటినది 2024 ఫిబ్రవరిలో. నడుమ ముప్పది నాలుగేండ్లు, అనగా ఒక మనుష్యుని సంపూర్ణ ఉద్యోగకాలము. మన బొంబాయి సూచీ మాత్రము తక్కువదా? 1992 ఏప్రిలులో 4,400 దాటిన ఆ సూచీ పదునొకండేండ్లు గడచి 2003 ఏప్రిలు వచ్చునప్పటికి మూడు వేలకు దిగువ నుండెను. 2008 జనవరిలో ఇరువదియొక్క వేలను తాకినది అదే ఏటి అక్టోబరునకు తొమ్మిది వేలకు దిగువకు జారెను. ఆ ఏట ఇరువది యైదేండ్ల యువకునకు ఆ పతనము వలన లాభమే, చౌకగ కొనుక్కొనెను. ఆ ఏటనే పదవీ విరమణ చేసి, ఇంటి ఖర్చునకై నెలనెల అమ్ముకొనవలసి వచ్చిన వృద్ధునకు అదియే పతనము తిరిగి పూడ్చుకొనరాని గండి. సగటు రాబడి ఇద్దరికిని ఒక్కటియే కావచ్చును. సగటు లోతు మూడడుగులని నమ్మి ఏరు దాటబోయిన వాడు మునుగుట సగటు వలన కాదు, నడుమ నున్న గుంట వలన.

ఇంత చెప్పినను మేము షేర్లకు శత్రువులము కాము. ధరల పెరుగుదలను ఎదుర్కొనుటకు కొంత ధనము వ్యాపార సంస్థల వృద్ధిలో పాలుపంచుకొనవలయుననుట నిజము. పిన్నవయసున ప్రారంభించుట మేలనుటయు నిజము. మా కోపము ఆ మార్గము మీద కాదు, ఆ మార్గమున గుంటలు లేవని చెప్పువారి మీద. ప్రభుత్వపు నియంత్రణ సంస్థయైన సెబీ 2009 ఆగస్టులో మ్యూచువల్ ఫండులపై ప్రవేశ రుసుమును రద్దు చేసినది. 2013 జనవరి నుండి మధ్యవర్తి లేకుండ నేరుగ కొనుగోలు చేయు డైరెక్టు పద్ధతిని ఏర్పరచినది. ఆ ఏటనే రుసుము తీసుకొని సలహా చెప్పువారికి నియమావళి తెచ్చినది. అమ్మకము మీద కమీషను పొందువాడు వేరు, సలహా చెప్పి మన వద్ద రుసుము తీసుకొనువాడు వేరు. ఇన్నేండ్లు గడచినను మన యిండ్లలో ఈ భేదము తెలిసినవారు ఎందరు? "మావాడే, మనకు అన్యాయము చేయడు" అను ఒక్క మాటతో సంతకములు పెట్టుచున్నాము. మావాడు చెడ్డవాడు కానక్కరలేదు. అతని జీతము ఎక్కడనుండి వచ్చుచున్నదో అడుగుట మర్యాదకు లోపమును కాదు.

మూడవ సూత్రము: "నూరులో నుండి వయస్సును తీసివేయుము, మిగిలినంత మాత్రమే షేర్లలో నుంచి, తక్కినది డిపాజిట్లలో వేయుము." డెబ్బది యేండ్ల వానికి డెబ్బది పాళ్లు డిపాజిట్లే క్షేమమని దీని తాత్పర్యము. క్షేమమనగా నేమి? పబ్లిక్ ప్రావిడెంటు ఫండు 2000 జనవరి వరకు నూటికి పండ్రెండు ఇచ్చినది. 2020 ఏప్రిలు నాటికి అది 7.1కి దిగినది. 2020 మే నెలలో రిజర్వు బ్యాంకు తన రెపో రేటును నూటికి నాలుగునకు తగ్గింపగా బ్యాంకుల వడ్డీలును వెంట దిగినవి. 2020-21లో ధరలు మాత్రము సగటున నూటికి ఆరుకు మించి పెరిగినవి. వడ్డీ తిని బ్రతుకువారు ఆ ఏట తెలియకుండగనే అసలును తినిరి. పాసుపుస్తకములో అంకె చెక్కు చెదరలేదు. సంచిలో బియ్యము తగ్గినది.

పోనీ, అసలైన భద్రమా? 1960లో కేరళలోని పాలాయి సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మటనే 1962లో మన దేశమున డిపాజిట్లకు బీమా ఏర్పడినది. 1993 నుండి లక్ష రూపాయల వరకే యున్న ఆ రక్షణ 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలకు పెరిగినది. ఆ పెంపునకు ఒక్క నెల ముందు, 2020 జనవరిలో, మన బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి, ఒక్కొక్కరు 35,000 రూపాయలకు మించి తీసుకొనరాదని ఉత్తరువు చేసెను. పదవీ విరమణ ధనమును అంతయు అందుంచిన వృద్ధులు ఆ బ్యాంకు ముందు నిలిచిన దృశ్యమును ఈ నగరవాసులు మరువలేదు. వారు జూదరులు కారు. షేర్ల వంక కన్నెత్తి చూడని వారు. ఒక్క రూపాయి వడ్డీ అధికముగ వచ్చునని, ఇరుగుపొరుగు వారందరును అందే వేసిరని వేసినవారు. నలుగురితో నారాయణ యనుట భజనకు సరిపోవును; డిపాజిట్టునకు సరిపోదు. 1964లో ఆరంభమైన యూనిట్ ట్రస్టు వారి యు.ఎస్. 64 పథకము ప్రభుత్వపు పథకమే యని నమ్మి వేసినవారికి 2001 జూలైలో అమ్మకములు, కొనుగోళ్లు నిలిపివేయబడినప్పుడు ఇదే పాఠము. క్షేమమను ముద్ర వేసిన పెట్టెలోనికి కూడ ఒకసారి తొంగి చూడవలయును.

నాల్గవ సూత్రము మన పెద్దలది: "భూమి మోసగించదు, బంగారము మోసగించదు." దీనిని కాదనుటకు మనవారికి నోరు రాదు. ఈ నగరమున స్థలము కొని కలవారైనవారు కోకొల్లలు. కాని ధర పెరిగిన స్థలము వేరు, నెలనెల అన్నము పెట్టు స్థలము వేరు. కోటి రూపాయల ఫ్లాటునకు నెలకు పాతిక, ముప్పది వేల అద్దె వచ్చుట కష్టము; అందులో పన్ను, మరమ్మతు, ఖాళీగ నుండు నెలలు పోగా మిగులునది డిపాజిట్టు వడ్డీకన్న తక్కువ. అనంతపురము, చిత్తూరు జిల్లాలలోని పిత్రార్జితపు భూములు కొందరికి ఇంకను కలవు. వాటి సరిహద్దు తగవులకై ఏటేట చేయు ప్రయాణముల ఖర్చు ఆ భూమి పంటకు మించును. అన్నిటికన్న ముఖ్యమైన చిక్కు వేరొకటి. ఆసుపత్రి బిల్లు కట్టుటకు ఒక గదిని కోసి అమ్ముటకు వీలు లేదు. మూడు కోట్ల యింటిలో నివసించుచు మందుల ఖర్చునకు కుమారుని ఫోను కొరకు ఎదురుచూచు వృద్ధ దంపతులు మన వీధులలో నున్నారు. ఇంటిని తాకట్టుంచి జీవితాంతము నెలసరి పొందు పద్ధతి, రివర్సు మార్ట్‌గేజి అనునది, 2007 బడ్జెటులో ప్రకటింపబడినది. "ఇల్లు పిల్లలకు" అను ఒక్క మాట అడ్డు వచ్చి మనవారు దాని పేరైన విననొల్లరు. ఆ పిల్లలలో కొందరు డాలసులోను, సిడ్నీలోను నుండి, ఆ యిల్లు తమకు అక్కరలేదని చెప్పుటకు మొగమాటపడుచున్నారు!

చీటీల మాటయు ఇక్కడనే చెప్పవలయును. చీటీపాట మనవారికి పుట్టుకతో వచ్చిన విద్య. 1982 నాటి చిట్ ఫండుల చట్టము ప్రకారము నమోదైన చీటీకిని, అపార్టుమెంటులో ఒకరి మాట మీద నడచు చీటీకిని భేదము కలదు. పరిచయము హామీ కాదు. పరిచయము వలన వచ్చునది ఒక్కటియే: మోసపోయినప్పుడు ఫిర్యాదు చేయుటకు కూడ సిగ్గుపడుట.

ఇక ఐదవ సూత్రము. దీనికొరకే తక్కిన నాల్గింటిని ముందు చెప్పితిమి. ఈ హితబోధలన్నియు ఒంటరి మనుష్యుని ఉద్దేశించి వ్రాయబడినవి. "నీ వయస్సెంత? నీ జీతమెంత? నీవు ఎంత నష్టము భరింపగలవు?" అని అడుగుదురు. నీ భార్యకు ఈ లెక్కలు తెలియునా యని ఎవరును అడుగరు. మన కుటుంబములలో భార్య భర్తకన్న పిన్నది. సాధారణముగ అతని తరువాత పెక్కేండ్లు జీవించును. ఆ ఏండ్లే అసలైన పరీక్ష. భర్త పథకము ఎంత తెలివైనదైనను, అది అతని తలలోనే యున్నచో అతనితో పాటే చితికెక్కును.

మేమెరిగిన ఒక యింటిలో ఇట్లు జరిగినది. గృహయజమాని అతి జాగ్రత్తపరుడు. ఎన్నడును అప్పు చేయలేదు. ఆయన పోయిన పిదప బీరువాలో పదునాలుగు పాసుపుస్తకములు, రసీదులు దొరకినవి. ఆయన ధర్మపత్ని తెలుగు చక్కగ చదువును, కన్నడము మాటలాడును, ఇంగ్లీషు చదువలేదు. కాగితములన్నియు ఇంగ్లీషున నున్నవి. కొన్నిటి మీది బ్యాంకుల పేర్లు నేడు ఏ వీధిలోను కానరావు. 1930లో ఈ నగరముననే పుట్టిన వైశ్యా బ్యాంకు చేతులు మారి 2015లో కోటక్ మహీంద్రాలో కలిసినది. 1913లో విశ్వేశ్వరయ్యగారి పూనికతో వెలసిన మైసూరు బ్యాంకు 2017లో స్టేటు బ్యాంకులోను, విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలోను, 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులోను లీనమైనవి. డబ్బెక్కడికిని పోలేదు, విలీనమైన చోటనే భద్రముగ నున్నది. కాని ఆ సంగతి ఆమెకు చెప్పవలసిన వాడు లేడు. పదునాలుగింటిలో కొన్ని దొరకుటకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లు కోటీశ్వరుని భార్య మరదుల వద్ద చేబదులు పుచ్చుకొన్నది.

ఇది ఒక్క యింటి కథ యనుకొనరాదు. పదేండ్లుగ ఎవరును అడుగని డిపాజిట్లను రిజర్వు బ్యాంకు 2014లో నెలకొల్పిన ఒక నిధికి మార్చుదురు. 2024 మార్చి చివరకు ఆ నిధిలో చేరిన సొమ్ము 78,213 కోట్ల రూపాయలు. వీటిని వెదకుకొనుటకు 2023లో ఉద్గమ్ అను పోర్టలు తెరచిరి. అన్ని వేల కోట్లును జాగ్రత్తపరులు కూడబెట్టిన సొమ్మే. రాబడి నూటికి పండ్రెండా, తొమ్మిదియా యని వాదులాడు సలహాదారులు, నూటికి నూరు పోవు ఈ ద్వారమును గూర్చి నోరు మెదపకుండుట మాకు వింతగ తోచుచున్నది.

నామినీ పేరు వ్రాసితిమి గదా యందురు. షేర్ల విషయమున నామినీ యనువాడు వారసులకొరకు అందుకొనువాడే గాని సంపూర్ణ హక్కుదారుడు కాడని 2023 డిసెంబరులో సుప్రీము కోర్టు తేల్చినది. వీలునామా వ్రాయుట అశుభమని జంకుచు నామినీతో సరిపెట్టుకొన్నవారి యిండ్లలో అన్నదమ్ములు న్యాయస్థానము మెట్లెక్కుట చూచుచునే యున్నాము. దీనికి విరుద్ధముగ, బ్రతికియుండగనే ఇల్లు పిల్లల పేర దానపత్రము వ్రాసి వీధిన పడినవారును కలరు. 2007 నాటి వృద్ధ తలిదండ్రుల పోషణ చట్టములోని 23వ విభాగము, పోషింతుమను షరతుతో వ్రాసి యిచ్చిన దానమును షరతు తప్పినప్పుడు రద్దు చేయు వీలు కల్పించినది. ఆ షరతు పత్రములో వ్రాయించుకొన్నవారు మాత్రము తక్కువ. "పిల్లలనే నమ్ముకొనుడు" అనుట ఎంత అవివేకమో, "పిల్లలపై ఎన్నడును ఆధారపడకుడు" అనుటయు అంతే. ఎనుబది యేండ్ల వయసున ఫోను తెరచి రహస్య సంఖ్య టైపు చేయలేని నాడు ఎవరో ఒకరిపై ఆధారపడియే తీరవలయును. ప్రశ్న ఎవరిపై నని; కన్ను చెదరక ముందే వారికి ఎంత చెప్పి యుంచితిమని.

అయినచో ఏమి చేయవలయును? విమర్శించుటతో సరిపెట్టుకొనుట మాకును ఇష్టము లేదు. లెక్కను తలక్రిందుగ చేయుమని మా మనవి. "ఎంత పెరుగును?" అను ప్రశ్నతో కాక, "ఇద్దరిలో కడపటివారు కన్ను మూయువరకు నెలకు ఎంత తప్పక వచ్చును?" అను ప్రశ్నతో ప్రారంభింపవలయును. ప్రైవేటు ఉద్యోగులలో పెక్కుమందికి పింఛను నామమాత్రమే. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున 15,000 రూపాయల జీతపు పరిమితి మేరకే చందా పోయినచో, పూర్తి సేవ చేసినవానికి కూడ గరిష్ఠముగ లభించునది నెలకు 7,500. అదియు ధరలతో పెరుగదు. 2004 జనవరి తరువాత చేరిన కేంద్రోద్యోగులకును, 2006 ఏప్రిలు తరువాత చేరిన కర్ణాటక ఉద్యోగులకును పాత పింఛను పద్ధతి వర్తింపలేదు. కావున ప్రతివారును తమ పింఛనును తామే నిర్మించుకొనవలయును. 2023లో ముప్పది లక్షల వరకు పెంచబడిన వయోవృద్ధుల పొదుపు పథకమున, ఆ ఏటి 8.2 వడ్డీ చొప్పున మూడు నెలలకు 61,500 రూపాయలు వచ్చునట్లు ఏర్పడినది. దంపతులిద్దరిలో ఒకరు పోయినను రెండవవారికి సాగు యాన్యుటీలును కలవు. రాబడి గొప్పది కాదని యువకులు వీటిని వెక్కిరింతురు. అన్నము, మందులు, కరెంటు, పనిమనిషి జీతము, ఇవి గొప్ప రాబడిని అడుగవు. తప్పని రాబడిని అడుగును. ఆ గోడ కట్టిన పిదప మిగిలిన ధనమును, పదేండ్ల వరకు ముట్టనక్కరలేని దానిని, తక్కువ ఖర్చు గల ఫండులలో వేసి నిశ్చింతగ నుండవచ్చును. డిపాజిట్టు చేయువారు ఒక్క బ్యాంకులో ఐదు లక్షల బీమా పరిమితిని జ్ఞాపకముంచుకొని పంచి వేసికొనవలయును.

అన్నిటికన్న చౌకైన సాధనము ఒక నోటుపుస్తకము. ఖాతాలెన్ని, ఏ పేర నున్నవి, బీమా ఎక్కడ, అప్పెవరికి, వీలునామా ఎక్కడ నుంచితిమి, ఎవరిని అడుగవలయును, ఇవన్నియు చేతితో వ్రాయవలయును. ఏ భాషలో వ్రాయవలయును? ఇక్కడ మన అల్పసంఖ్యాక కుటుంబములకు వచ్చు చిక్కు వేరెవరికిని రాదు. అమ్మమ్మ తెలుగు చదువును, ఇంగ్లీషు చదువదు. మనుమడు ఇంగ్లీషు చదువును, కన్నడము బడిలో నేర్చును, తెలుగు చదువడు. తెలుగున వ్రాసిన పుస్తకము మనుమనికి పనికిరాదు. ఇంగ్లీషున వ్రాసినది అమ్మమ్మకు పనికిరాదు. కావున దానిని ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒక ప్రక్క ఆమె, ఒక ప్రక్క వాడు వ్రాయవలయును. ఆ మధ్యాహ్నమున మనుమడు నాలుగు తెలుగు అక్షరములు నేర్చుకొన్నచో, మన సంఘము ఏటేట తీర్మానించు భాషారక్షణకు అంతకన్న మంచి కార్యక్రమము మాకు తోచుటలేదు.

సంఘ పెద్దలకు ఒక విన్నపము. నాటకములకు, సన్మానములకు హాలు ఇచ్చుచున్నారు, సంతోషము. నెలకు ఒక ఆదివారము ఉదయము రెండు గంటలు ఈ పనికి కూడ ఇప్పింపుడు. ఏ కంపెనీ వారిని పిలువకుడు. ఏ పథకమును అమ్మనీయకుడు. బ్యాంకులలో, ఆడిటు కార్యాలయములలో పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న మన సభ్యులు పలువురు కలరు. వారు కూర్చుండి, వచ్చిన వృద్ధుల కాగితములను చదివి పెట్టినచో చాలును. భర్తలు ఒంటరిగ వచ్చినచో లోనికి రానీయకుడు. భార్యలను వెంట తీసుకొని రమ్మనుడు.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమను సామెత మనవారికి కంఠస్థము. కొండ ఎంత ఎత్తున పేర్చితిమని గర్వపడుట చాలించి, అది తరుగునప్పుడు ఆ యింటి దీపము ఎవరి చేతిలో నుండునో ఈ ఉగాది లోపల నిర్ణయించుకొందము.